ఒకే జవాబు రాసిన పద్నాలుగు మంది

1984 మే మొదటి వారంలో కరీంనగర్‌లో జరిగిన డిగ్రీ పరీక్షల స్పాట్ వాల్యుయేషన్ క్యాంపుకు నన్ను అసిస్టెంట్ ఎగ్జామినరుగా వేశారు. బి.ఎ. ఆఖరి సంవత్సరం, తెలుగు మాధ్యమం, ఐరోపా చరిత్ర పేపరు. నేను చరిత్ర లెక్చరరుగా చేరి అప్పటికి పదిహేనేళ్ళు. నా పేరు లక్ష్మీరాజం అయినా పిల్లలు చాటుగా పిలిచే పేరు ఎర్రసిరా సారు. ఆ పేరు నాకు తెలుసు. తెలిసి లోలోపల మురిసిపోయేవాణ్ణి కూడా.

స్పాట్ వాల్యుయేషన్ అంటే జవాబు పత్రాలు మా ఇళ్ళకు రావు, మేమే వాటి దగ్గరికి పోతాం. పత్రం మొదటి పేజీలో హాల్ టికెట్ నంబరు ఉన్న ముక్కను చింపి దాచేస్తారు. మిగిలిన దానిమీద ఒక కోడ్ నంబరు వేస్తారు. ఏ ఊరి పత్రమో, ఎవరిదో దిద్దేవాడికి తెలియదు. పొద్దున ఇరవై, మధ్యాహ్నం ఇరవై దిద్దాలి. మేము వాడేది ఎర్ర సిరా. మా పైన చీఫ్ ఎగ్జామినరు ఉంటాడు, ఆయనది ఆకుపచ్చ సిరా. మేము దిద్దినవాటిలో కొన్ని తీసి మళ్ళీ చూస్తాడు. అందరి చేతిలోనూ స్కీం అనే కాగితం ఉంటుంది. ఏ ప్రశ్నకు ఏ అంశాలు రాస్తే ఎన్ని మార్కులో అందులో రాసి ఉంటుంది. స్కీం దాటి ఒక అర మార్కు వేసినా చీఫ్‌కు సంజాయిషీ చెప్పుకోవాలి.

ఆ ఏడాది ఏడో ప్రశ్న ఇది: మధ్యయుగాలలో సామాన్య క్రైస్తవులు ఆరాధనలోనూ, నిత్యజీవితంలోనూ బైబిలును ఎట్లా ఉపయోగించుకున్నారు? పదిహేను మార్కులు. స్కీంలో నాలుగు అంశాలున్నాయి. బైబిలు లాటిన్‌లో ఉండేది, జనానికి చదువు రాదు, గ్రంథాలను చర్చిలో గొలుసులతో కట్టేసేవారు, కాబట్టి సామాన్యులకు అది అందలేదు. ప్రశ్న ఎట్లా ఉపయోగించుకున్నారని అడుగుతుంటే స్కీం ఉపయోగించుకోలేదని చెబుతోంది. ఈ తిరకాసు నా కళ్ళకు ఆనలేదు. ఆనకపోవడానికి కారణముంది. పదిహేనేళ్ళుగా నేను క్లాసులో చెప్పింది కూడా ఆ నాలుగు ముక్కలే.

నాలుగో రోజు పొద్దున ఒక కట్ట విప్పాను. మూడో పత్రంలో ఏడో ప్రశ్నకు జవాబు ఇట్లా మొదలైంది: "చదవడం ఒక్కటే గ్రంథాన్ని వాడుకోవడం కాదు. వినడం, పలకడం, చూడడం, తాకడం, కట్టుకోవడం అని అయిదు విధాలు." బాగానే రాశాడే అనుకుని స్కీం చూసుకుంటే ఒక్క అంశమూ కలవలేదు. అయిదో పత్రంలో అదే వాక్యం. ఆరులో అదే. ఎనిమిదిలోనూ అదే! కట్టంతా తిరగేశాను. ఇరవై పత్రాల్లో పద్నాలుగింటిలో అదే జవాబు.

నాకు కాపీ అంటే కడుపు మండేది. చిట్టీలు అందించే బంధువులు, కిటికీల దగ్గర గుంపులు, చూసీ చూడనట్టు తిరిగే ఇన్విజిలేటర్లు, వీళ్ళందరినీ చూసి చూసి విసిగి ఉన్నాను. పక్క టేబుల్ దగ్గర జగిత్యాల నుంచి వచ్చిన మల్లారెడ్డి కూర్చున్నాడు. నా మొహం చూసి నవ్వాడు.

"ఏంది రాజమన్నా, మళ్ళ ఎవలన్న దొరికిన్రా నీ చేతికి?"

"ఒక్కడు గాదు, పద్నాలుగు మంది. అక్షరం పొల్లు పోలే," అన్నాను.

"జర సల్లవడు. పొద్దుమూకి రాయచ్చు తియ్యి రిపోర్టు."

నేను ఆగలేదు. మాల్‌ప్రాక్టీస్ ఫారం అడిగి తీసుకున్నాను. పద్నాలుగు కోడ్ నంబర్లు రాసి, "ఒకే మూలం నుంచి సామూహికంగా నకలు చేసినట్టు స్పష్టంగా ఉన్నది" అని రాసి సంతకం పెట్టాను. చీఫ్ రెండు పత్రాలు పక్కపక్కన పెట్టి చూసి తనూ సంతకం చేశాడు. ఈ ఫారం వరంగల్‌లో విశ్వవిద్యాలయం విచారణ కమిటీకి వెళ్ళిందంటే ఆ విద్యార్థుల ఫలితం ఆపేస్తారు. నేరం రుజువైతే రెండేళ్ళు ఏ పరీక్షా రాయనివ్వరు. మధ్యాహ్నం భోజనం బెల్ కొట్టేలోపు నేను చేసిన పని అది. ఆ రోజు అన్నం కూడా తృప్తిగా తిన్నాను.

మధ్యాహ్నం సీలు వేసే ముందు, ప్రతి పత్రంలో నేరం ఉన్న పేజీ నంబరు ఫారంలో నింపాలన్నారు. దానికోసం పద్నాలుగూ మళ్ళీ ముందు వేసుకున్నాను. ఈసారి వరసగా చదవాల్సి వచ్చింది. తొమ్మిది మంది వినడంతో మొదలుపెట్టి కట్టుకోవడంతో ముగించారు. అయిదుగురు కట్టుకోవడంతో మొదలుపెట్టి వినడంతో ముగించారు. నాకు అర్థం కాలేదు. చిట్టీ చూసి రాసేవాడికి తలకిందులుగా రాయాల్సిన ఖర్మ ఏమిటి? దొంగచాటుగా రాసే మనిషి పైనుంచి కిందికి గబగబా దించుతాడు.

ఇంకొకటి కూడా కనబడింది. జవాబు చివర ప్రతి ఒక్కరూ తాము చూసింది ఒకటి రాశారు. అది మాత్రం ఏ ఇద్దరిదీ ఒకటి కాదు. ఒకరు తమ కాలనీలో ఏసమ్మ అనే ముసలామెకు అక్షరం రాకపోయినా కీర్తనలు నోటికి వచ్చని రాశారు. ఒకరు జ్వరమొచ్చిన పసిపాప తలకింద బైబిలు పెట్టడం చూశానన్నారు. ఇంకొకరు దర్గాలో కట్టే తాయెత్తు గురించి రాశారు. పొద్దున వీటిని సోదిలెక్క కొట్టేసి ముందుకు పోయాను.

చీఫ్ దగ్గరికి పోయి, ఫారం ఆపండి, నేను తొందరపడ్డానేమో అన్నాను. ఆయన విశ్వవిద్యాలయంలో రీడరు. చెడ్డవాడు కాదు, కానీ కాగితం మీద ఉన్నదే ఆయనకు లోకం.

"లక్ష్మీరాజం గారూ, ఫారం మీద మీ సంతకం, నా సంతకం, నంబరూ పడ్డాయి. వెనక్కి తీసుకునే పద్ధతి లేదు. పొద్దున కాపీ అని, మధ్యాహ్నం కాదంటే కమిటీ ముందు మిమ్మల్నే అనుమానిస్తారు," అన్నాడు.

అనుమానిస్తే అనుమానించనీ అనుకున్నాను. ఫారం వెనక్కి రాకపోతే దాని వెంట ఇంకో కాగితం పోవడానికి అడ్డేమీ లేదు. అప్పటికప్పుడు మూడు పేజీల లేఖ రాశాను. తలకిందుల వరస, ఎవరికి వారు రాసిన చివరి మాట, రెండూ వివరించాను. ఈ వాక్యాలు నాకు తెలిసిన ఏ పాఠ్యపుస్తకంలోనూ గైడులోనూ లేవని రాశాను. విద్యార్థులను వరంగల్‌కు పిలిపించి భయపెట్టడం కాకుండా వాళ్ళ కాలేజీకే పోయి విచారించాలని, రిపోర్టు చేసినవాడిగా నన్నూ పంపాలని కోరాను. ఫారంతో పాటు అదే కవరులో పెట్టి సీలు వేయించాను.

జూన్ అంతా కమిటీ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. వారానికి ఒకటి చొప్పున నాలుగు రిమైండర్లు రాశాను. అంతటితో ఊరుకోలేదు. మా ప్రిన్సిపాల్ దగ్గర సెలవు పెట్టి రెండుసార్లు వరంగల్ పోయి పరీక్షల విభాగంలో సూపరింటెండెంట్ టేబుల్ ముందు కూర్చున్నాను. రెండోసారి ఆయన తలెత్తకుండానే, "ఇంత తిరుగుతున్నారు, చుట్టాలా?" అని అడిగాడు. ఒళ్ళు మండింది. వాళ్ళెవరో, వాళ్ళది ఏ ఊరో కూడా నాకు తెలియదని, తప్పు మాత్రం నాదని చెప్పాను. ఆయన మొదటిసారి ఫైలు తీసి చూశాడు.

జూన్ ఆఖరి వారంలో ఉత్తరువు వచ్చింది. చీఫ్, నేను కలిసి విచారణ జరపాలి. వాళ్ళది బెల్లంపల్లి వైపు బొగ్గు గనుల దగ్గర ఉన్న ఒక చిన్న డిగ్రీ కాలేజీ. మంచిర్యాల దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు.

రెండు రేకుల గదులు, ఒక ఆఫీసు. చరిత్ర చెప్పేది యాదగిరి అనే పార్ట్‌టైం లెక్చరరు. ముప్పై ఏళ్ళుంటాయి, సిరిసిల్ల పద్మశాలీల ఇంటివాడు. మమ్మల్ని చూడగానే నిలబడిపోయాడు. నేరం రుజువైతే అతని కొలువూ పోతుంది. పుస్తకం చూపించమని చీఫ్ అడిగాడు.

"పుస్తకం రాలే సార్. తెలుగుల అచ్చయితున్నదని ఏడాదంత చెప్పిన్రు. నా దగ్గర ఒక్క ఇంగ్లీషు పుస్తకమున్నది, గదీ హైదరాబాద్ల పాతది కొన్న. రాత్రి చదువుకొని పొద్దుగాల తెలుగుల చెప్పిన," అన్నాడు.

నోట్సు రాయించారా అని అడిగాడు చీఫ్.

"రాయించలే సార్. మాది మరమగ్గాల ఇల్లు. బాపు సాంచా నడుపుకుంట నాతోని ఎక్కాలు చెప్పించుకునేటోడు. గా పనిల పలక చూసుడు యాడిది? చేతివేళ్ళ మీద పెట్టుకునుడే. వీళ్ళల్ల సగం మంది గనిల పనిచేసేటోళ్ళు. పొద్దున డ్యూటీ ఉన్నోళ్ళు సాయంత్రం అస్తరు, సాయంత్రం డ్యూటీ ఉన్నోళ్ళు పొద్దున అస్తరు. పొద్దటోళ్ళకు నేను చెప్త, సాయంత్రపోళ్ళకు వాళ్ళు ఒప్పజెప్పాలె. అయిదు వేళ్ళకు అయిదు మాటలు. ఏ పక్కకెళ్ళి మొదలువెట్టినా సరే, ఒక్క వేలు విడువొద్దు. ఆఖరుకు కండ్లతోని చూసింది ఒకటి సొంతంగ రాయాలె. గిదే మా పద్ధతి."

నేను చీఫ్ వైపు చూశాను. ఆయన తల ఊపాడు గానీ మెత్తబడలేదు. ఆయన అనుమానం న్యాయమైనదే. పరీక్ష అయి రెండు నెలలు దాటింది. విషయం బయటపడ్డాక ఈ కథ అల్లి, అందరికీ ఆ జవాబు బట్టీ పట్టించి ఉండవచ్చు కదా? అందుకని ఆయన ఒక ఉపాయం చేశాడు. పరీక్షలో రాని పాఠం ఒకటి అడుగుతానన్నాడు. ముందే కబురు పెట్టి రప్పించిన పద్నాలుగు మందినీ బయట నిలబెట్టి ఒక్కొక్కరినే లోపలికి పిలిచాం. లోపలికి వచ్చినవాడు బయటికి పోకుండా వెనక గదిలో కూర్చోబెట్టాం. చీఫ్ అడిగింది చేతివృత్తుల శ్రేణుల గురించి, అంటే మధ్యయుగ పట్టణాల్లో నేతగాళ్ళు, కమ్మరులు పెట్టుకున్న సంఘాల గురించి.

మొదట వచ్చింది సరోజన అనే అమ్మాయి. మందమర్రి నుంచి రోజూ బస్సులో వచ్చేది. చీఫ్ ప్రశ్న అడగగానే కుడిచెయ్యి కొంగు చాటున పెట్టుకుంది. చెయ్యి బయటపెట్టమన్నాడు చీఫ్. అందులో చిట్టీ ఏమీ లేదు. బొటనవేలితో చిటికెన వేలిని నొక్కి పట్టుకుని ఉంది. ఆ వేలి నుంచి మొదలుపెట్టి అయిదు మాటలూ చెప్పింది. తరువాత వచ్చినతను బొటనవేలి నుంచి మొదలుపెట్టాడు. వాక్యాలు అవే, వరస తలకిందులు. పద్నాలుగు మందీ అంతే. ఇద్దరు మధ్యలో ఒక వేలు మరిచిపోయి, ఆగి, ముందుకు పోయి, మళ్ళీ వెనక్కి వచ్చి అందుకున్నారు. పదో మనిషి అయ్యేసరికి చీఫ్ పెన్ను మూసేశాడు. నేను మూయనివ్వలేదు. పద్నాలుగు నంబర్లు రిపోర్టు చేశాను కాబట్టి పద్నాలుగు మందినీ వినాల్సిందేనని పట్టుబట్టాను.

ఆఖరున వచ్చినతని పేరు పోశం. గనిలో బదిలీ కార్మికుడు, అంటే రోజువారీగా పిలిస్తే పోయే మనిషి. మిగతావాళ్ళకంటే పెద్దవాడు. చెప్పాల్సింది తడుముకోకుండా చెప్పాడు. పోవచ్చన్నా కదల్లేదు.

"సార్, రిపోర్టు రాసింది ఎవలు?" అన్నాడు.

నేనే అన్నాను.

"గనిల క్లర్కు పోస్టులు వడ్డయి సార్. డిగ్రీ పాసయ్యుండాలె. ముప్పై ఏండ్లు దాటొద్దు. జూలై పదిహేను ఆఖరి తారీఖు. నాకు ఆగస్టుల ముప్పై నిండుతయి. మళ్ళ ఎప్పుడు వడ్డా నాకు లాభం లేదు. మాది తప్పైతే కొట్టున్రి, పడుత. తప్పు లేకుంటె జల్ది చెప్పున్రి."

చెప్తామని మాత్రం అన్నాను.

తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కగానే చీఫ్ ఇంకో మెలిక పెట్టాడు. కాపీ కాదు, ఒప్పుకున్నాను, కానీ స్కీం ప్రకారం ఆ జవాబు తప్పే కదా, సున్నా వేస్తే వీళ్ళలో సగం మంది ఎట్లాగూ తప్పుతారు అన్నాడు. దీనికి నేను సిద్ధపడే వచ్చాను. జూన్‌లో వరంగల్ పోయిన రెండుసార్లూ విశ్వవిద్యాలయం లైబ్రరీలో కూర్చుని, నేను పదిహేనేళ్ళు చెప్పిన పాఠాన్ని మొదటిసారి సరిగా చదువుకున్నాను. యాదగిరి పిల్లలు రాసినదంతా నిజం. ఏడాదిలో ఏ రోజు ఏ భాగం చదవాలో చర్చిలో నియమం ఉండేది, జనం పండుగలను ఆ చదువులతోనే గుర్తుపెట్టుకునేవారు. అది వినడం. మఠాల్లో సన్యాసులు నూటయాభై కీర్తనలనూ వారానికొకసారి పూర్తిగా పాడేవారు. చదువు రానివాళ్ళు వాటికి బదులు పూసలు లెక్కబెట్టుకుంటూ పరలోక ప్రార్థన అన్నిసార్లూ పలికేవారు. అది పలకడం. గోడల మీద బొమ్మలు, అద్దాల మీద బొమ్మలు, వీధుల్లో వృత్తి సంఘాలవాళ్ళు ఆడిన నాటకాలు. అది చూడడం. ప్రమాణం చెయ్యాలంటే సువార్త గ్రంథం మీద చెయ్యి పెట్టడం, పూజలో మతగురువు దాన్ని ముద్దు పెట్టుకోవడం. అది తాకడం. యోహాను సువార్త మొదటి మాటలు చిన్న తోలుముక్క మీద రాసి మెడలో వేసుకోవడం, గాలివాన వచ్చినా రోగమొచ్చినా వాటినే చదివించడం. అది కట్టుకోవడం.

గొలుసుల సంగతి ఏమిటని అడిగాడు చీఫ్. గొలుసు వేసింది చదవనివ్వకుండా కాదని చెప్పాను. ఒక్క బైబిలుకు గొర్రెల మందంత తోళ్ళు పట్టేవి. అంత కష్టపడి రాసిన దాన్ని నలుగురూ చూసుకునే చోట పెట్టి, ఎవడూ ఎత్తుకుపోకుండా గొలుసు వేశారు. స్కీం తప్పు, నేను ఇన్నాళ్ళూ చెప్పింది తప్పు, ఆ పిల్లలు రాసింది ఒప్పు అన్నాను.

"ఆ స్కీం రాసింది నేనే లక్ష్మీరాజం గారూ," అన్నాడు చీఫ్. "గైడు చూసి రాశాను."

మంచిర్యాల వచ్చేలోపు ఆయనే సంచీలోంచి స్కీం తీసి, బస్సు కుదుపుల్లోనే, ఏడో ప్రశ్న కింద ఆకుపచ్చ సిరాతో ఆ అయిదు అంశాలూ చేర్చాడు. అట్లా చేర్చడానికి చీఫ్‌కు అధికారం ఉంటుంది. మరునాడే ఇద్దరం సంతకాలు చేసి నివేదిక పంపాం. అప్పటికి జూలై రెండో తారీఖు. ఇంకా పదమూడు రోజులున్నాయి.

ఆ పదమూడు రోజులు నేను తొక్కని గడప లేదు. కమిటీ తదుపరి సమావేశం జూలై ఇరవై అయిదున అన్నారు. ముందుకు జరపండి అంటే సభ్యులు ఊళ్ళో లేరన్నారు. పోశం ఒక్కడికైనా తాత్కాలికంగా పాసయ్యాడని ఒక కాగితం ఇవ్వండి అన్నాను. ఫలితం ఆపిన మనిషికి అట్లాంటిది ఇచ్చే నిబంధన లేదన్నారు. పరీక్షల కంట్రోలర్ గదిలోకి చీటీ లేకుండానే దూరాను. ఆయన ఓపికగా విని, మీరు చెప్పింది న్యాయమే, కానీ దారి లేదన్నాడు. ఆ దారి మూసింది నేనే. బెల్లంపల్లి పోయి గని ఆఫీసులో గడువు పొడిగించమని అడిగాను. గడువు అందరికీ ఒక్కటే అని అక్కడి పెద్ద క్లర్కు మర్యాదగానే చెప్పాడు.

ఇరవై అయిదున కమిటీ కేసు కొట్టేసింది. పద్నాలుగు పత్రాలూ నా దగ్గరికే తిరిగి వచ్చాయి. మొదట దిద్దినవాడే పూర్తి చెయ్యాలని నియమం. కొత్త స్కీం పెట్టుకుని దిద్దాను. పోశంకు ఏడో ప్రశ్నలో పదిహేనుకు పదమూడు వచ్చాయి. మొత్తం మీద రెండో తరగతిలో పాసయ్యాడు. పద్నాలుగు మందీ పాసయ్యారు. యాదగిరి కొలువు నిలిచింది. మల్లారెడ్డి కార్డు రాశాడు, సాధించినవ్ పో అన్నా అని. ఆ కార్డుకు జవాబు రాయలేదు.

ఆగస్టులో మార్కుల జాబితాలు పట్టుకుని నేనే పోయాను. పోశం డ్యూటీ దిగి, మొహం కడుక్కుని వచ్చాడు. కాగితం రెండుసార్లు చదువుకుని మడిచి జేబులో పెట్టుకున్నాడు. క్షమించమని అడిగాను. అడగాలని పోయానే గానీ, అంత గట్టిగా ఏడుపు వస్తుందని అనుకోలేదు. అతనే నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి చాయ్ తెప్పించాడు.

"మీరు మస్తు తిరిగిన్రట సార్, యాదగిరి సారు చెప్పిండు," అన్నాడు. "గా తిరుగుడు ఏదో రాసే ముందు ఒక్కసారి తిరిగితే అయిపోతుండె."

అతను రిటైరయ్యేదాకా భూగర్భంలోనే పనిచేశాడు.

ఆ తరువాత నేను పన్నెండేళ్ళు వాల్యుయేషన్‌కు పోయాను. చివరి నాలుగేళ్ళు చీఫ్‌గా ఉన్నాను. నా కింద ఎవరు మాల్‌ప్రాక్టీస్ ఫారం తెచ్చినా, ఆ పత్రాలన్నీ మొదటి నుంచి చివరిదాకా చదివి, మరునాడు తెమ్మనేవాణ్ణి. నిజమైన కాపీలు అప్పుడూ దొరికాయి, వాటి మీద సంతకం పెట్టాను. నిర్దోషులని తేల్చడం నా చేతనైంది. తేలేలోపు గడువు దాటిపోకుండా ఆపడం నా చేత కాలేదు. నేను ఆ ఏడు నేర్చుకున్నది ఈ రెండో సంగతే. దాని ఖరీదు నేను కట్టలేదు, పోశం కట్టాడు.